గుంతలో పడి వాహనం దెబ్బతింటే పరిహారం ఎవరిని అడగాలి?

వాన నీళ్లు నిండిన గుంత ఎంత లోతుందో చక్రం అందులోకి దిగిన తరువాత గానీ తెలియదు. రిమ్ వంగి, టైరు పక్కభాగం ఉబ్బి, స్టీరింగ్ ఒక వైపుకు లాగుతున్న కారును రోడ్డు పక్కన ఆపుకున్న వ్యక్తి ముందు సాధారణంగా నాలుగు దారులు ఉంటాయి: సొంత బీమాలో క్లెయిమ్ చేసుకోవడం, ఆ రోడ్డును నిర్వహించే సంస్థను పరిహారం అడగడం, ఆ సంస్థ కాదంటే న్యాయస్థానానికి వెళ్లడం, లేదా ఖర్చు తానే భరించి ఊరుకోవడం. వీటిలో ఏది మేలన్నది గుంత ఎంత పెద్దదన్న దానిపై గానీ, మన కోపం ఎంత న్యాయమైనదన్న దానిపై గానీ ఆధారపడదు. ఒక్కో దారిలో అవతలివారు అడిగే ప్రశ్న ఒక్కొక్కటి. మన చేతిలో ఉన్న ఆధారం ఏ ప్రశ్నకు సమాధానం చెప్పగలదో చూసుకుని దారి ఎంచుకోవాలి. నష్టం ఎలా జరిగిందన్నదే బీమా సంస్థకు ముఖ్యం. రోడ్డు సంస్థ మాత్రం ‘ఆ గుంత అక్కడ ఉన్న సంగతి మాకు ముందే తెలుసా, కనీసం తెలిసి ఉండవలసిందా’ అన్న దగ్గర మొదలుపెడుతుంది. చాలా క్లెయిములు వీగిపోయేది ఈ రెండో ప్రశ్న దగ్గరే.

దారి తరువాత, ఆధారం ముందు

ఏ దారిలో వెళ్లాలో ఇంటికి వచ్చి తీరికగా ఆలోచించుకోవచ్చు. ఆధారం మాత్రం అప్పటిదాకా ఆగదు, ఎందుకంటే ఈ రోజు ఉన్న గుంతను రేపు పూడ్చివేయవచ్చు, పూడ్చిన తరువాత దాని లోతు ఎవరూ నిరూపించలేరు. వాహనాలు వేగంగా వెళ్లే రహదారిపై దిగి ఫొటోలు తీయడం ప్రాణాపాయం కనుక అక్కడ డ్యాష్‌క్యామ్ దృశ్యం, కిలోమీటరు రాయి, ఫోన్‌లోని లొకేషన్ చాలు. సురక్షితంగా నిలబడగల చోటైతే రెండు రకాల ఫొటోలు కావాలి. దగ్గరి నుంచి తీసిన దానిలో గుంత లోతు, వెడల్పు తెలిసేలా స్కేలు గానీ టేపు గానీ ఉండాలి. దూరం నుంచి తీసిన దానిలో ఆ గుంత ఏ రోడ్డుపై, ఏ వైపున, ఏ స్తంభానికి లేదా ఏ భవనానికి ఎదురుగా ఉందో కనబడాలి. ఒట్టి గుంత ఫొటో ఎక్కడిదైనా కావచ్చు కాబట్టి రెండోది లేని మొదటిదానికి విలువ తక్కువ.

నష్టం వివరం మెకానిక్ చేత రాయించుకోవాలి. ‘టైరు మార్చాము’ అని రాసిన బిల్లు కన్నా ‘బలమైన దెబ్బ వల్ల టైరు పక్కభాగంలోని దారాలు తెగి ఉబ్బింది, అదే చక్రం రిమ్ లోపలి అంచు వంగింది’ అని రాసిన కాగితం ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది, ఎందుకంటే అరిగి పాడైన భాగానికీ దెబ్బ తగిలి పాడైన భాగానికీ తేడా చెప్పేది అదే. షాక్ అబ్జార్బర్ నుంచి నూనె కారడం, బాల్ జాయింట్ వదులు కావడం వంటివి పాత వాహనాల్లో అరుగుదల వల్ల కూడా జరుగుతాయి కనుక వాటిని గుంతకు ముడిపెట్టడం కష్టం. రిమ్ వంగడాన్ని కాదనడం అంత సులభం కాదు. మార్చిన టైరును, రిమ్‌ను క్లెయిమ్ తేలేదాకా పారేయకూడదు. బీమా దారిలో వెళ్లే ఆలోచన ఏమాత్రం ఉన్నా బీమా సంస్థ పంపే సర్వేయర్ (నష్టం అంచనా వేసే వ్యక్తి) చూడకముందే మరమ్మతు చేయించకూడదు.

మరొక హెచ్చరిక. కారు కింద దెబ్బ తగిలి ఇంజిన్ ఆయిల్ కారుతుంటే ఆ కారును నడపకుండా తరలించాలి. ఆయిల్ లేక ఇంజిన్ పట్టేస్తే ఆ నష్టం గుంత వల్ల కాదు, నడపడం వల్ల జరిగిందని అందరూ అంటారు, ఆ మాటలో నిజం కూడా ఉంటుంది. భారతదేశంలోని సాధారణ పాలసీలు ఇటువంటి పర్యవసాన నష్టాన్ని చెల్లించవు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ పేరుతో వేరే అదనపు రక్షణ కొనుక్కోవలసి ఉంటుంది.

సొంత బీమా: త్వరగా తేలే దారి, కానీ ఉచితం కాదు

బీమా దారికి ఉన్న గొప్ప సౌలభ్యం తప్పు ఎవరిదో నిరూపించనక్కరలేకపోవడం. అయితే పాలసీ రకం సరైనదై ఉండాలి. భారతదేశంలో చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ఇతరులకు జరిగిన నష్టానికే పనికివస్తుంది. సొంత వాహనానికి ఓన్ డ్యామేజ్ రక్షణ ఉన్న పాలసీ కావాలి. అమెరికాలో పేరును బట్టి కాంప్రహెన్సివ్ రక్షణ అన్నిటికీ సరిపోతుందనుకుని మోసపోయేవారున్నారు. అక్కడ గుంత నష్టం కొలిజన్ రక్షణ, అంటే ఢీకొనడం వల్ల కలిగే నష్టానికి ఇచ్చే రక్షణ, కిందికి వస్తుంది, దొంగతనం, వడగళ్ల వంటివి మాత్రమే కాంప్రహెన్సివ్ కిందికి వస్తాయి. బ్రిటన్‌లో అదే పేరు గల పాలసీలో గుంత నష్టం సాధారణంగా ఇమిడే ఉంటుంది.

తరువాతిది లెక్క. క్లెయిమ్ మొత్తంలోంచి మనం భరించవలసిన వాటా, అంటే ఎక్సెస్ లేదా డిడక్టిబుల్, ముందుగా పోతుంది. భారతదేశంలో తప్పనిసరి మినహాయింపు 1500 సీసీ వరకు ఉన్న కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు కనుక అది పెద్ద అడ్డంకి కాదు. అసలు కోత తరుగుదల రూపంలో వస్తుంది: రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, లోహ భాగాలకు వాహనం వయసును బట్టి తగ్గిస్తారు. టైరు సంగతి ఇంకా కఠినం. వాహనంలో మరే భాగమూ దెబ్బతినకుండా టైరు ఒక్కటే పాడైతే సాధారణ పాలసీ ఏమీ ఇవ్వదు, వాహనం కూడా దెబ్బతింటే టైరు ధరలో 50 శాతం మించి ఇవ్వదు. గుంతల్లో ఎక్కువగా పాడయ్యేది టైరే కాబట్టి ఈ ఒక్క నిబంధనతోనే చాలామందికి బీమా దారి మూసుకుపోతుంది.

కంటికి కనబడని ఖర్చు నో క్లెయిమ్ బోనస్. భారతదేశంలో క్లెయిమ్ లేని సంవత్సరాలకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంపై వరుసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గింపు వస్తుంది, ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడిపోతుంది. 50 శాతం మెట్టుపై ఉన్న వ్యక్తి క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది పోయే 50 శాతంతో నష్టం ఆగదు. ఆ తరువాతి ఏడాది 50కి బదులు 20, ఆపై 25, 35, 45 అంటూ మళ్లీ మెట్లెక్కాలి కనుక ఐదేళ్లలో పోయేది 50, 30, 25, 15, 5 కలిపి 125 శాతం. అంటే ప్రీమియం మారదనుకుంటే, ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి ఒకటింపావు రెట్లు ఒక్క గుంతకు చెల్లించినట్టు లెక్క. చేతికి వచ్చే మొత్తం దీనికన్నా గట్టిగా ఎక్కువ ఉంటేనే క్లెయిమ్‌కు అర్థం ఉంటుంది. బోనస్ రక్షణ కొనుక్కున్నవారికి, ఇంకా మొదటి మెట్టుపైనే ఉన్నవారికి ఈ లెక్క చాలా తేలిక. ఇతర దేశాల్లో శాతాలు వేరైనా, గుంత క్లెయిమును ఎవరి నుంచీ రాబట్టుకోలేని క్లెయిముగా లెక్కగట్టి ప్రీమియం పెంచే అవకాశం అక్కడా ఉంది. కాబట్టి క్లెయిమ్ దాఖలు చేయకముందే పునరుద్ధరణ ప్రీమియం ఎంత మారుతుందో అడిగి తెలుసుకోవడం మంచిది.

రోడ్డు సంస్థ: బాధ్యత దానిదే, నిరూపణ మనది

న్యాయంగా చూస్తే మొదట తట్టవలసిన తలుపు ఇదే, కానీ ఆ తలుపు ఎక్కడుందో కనుక్కోవడమే మొదటి పని. ఒకే ప్రయాణంలో జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, పురపాలక వీధి మూడూ రావచ్చు, మూడింటికీ మూడు సంస్థలు ఉండవచ్చు. ఇంగ్లండ్‌లో మోటార్‌వేలు, ముఖ్యమైన ‘ఎ’ తరగతి రోడ్లు నేషనల్ హైవేస్ చేతిలో ఉంటే మిగతావి స్థానిక కౌన్సిళ్ల చేతిలో ఉంటాయి. నీటి గొట్టం కోసమో కేబుల్ కోసమో తవ్వి సరిగా పూడ్చని చోట బాధ్యత ఆ తవ్విన సంస్థది కావచ్చు. తప్పు సంస్థకు పంపిన దరఖాస్తు అక్కడి నుంచి మరో చోటికి తిరిగేలోగా గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

గుంత ఉన్నంత మాత్రాన సంస్థ తప్పు చేసినట్టు కాదన్నది చాలా దేశాల చట్టాల్లో కనిపించే సూత్రం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1980 నాటి హైవేస్ చట్టం 41వ సెక్షన్ రోడ్డును బాగుగా ఉంచే బాధ్యత సంస్థపై పెడుతుంది. అదే చట్టం 58వ సెక్షన్ తాము తగినంత జాగ్రత్త తీసుకున్నామని చూపించి తప్పించుకునే అవకాశం ఇస్తుంది. నిర్ణీత వ్యవధుల్లో తనిఖీ చేశామని, చివరి తనిఖీలో ఆ గుంత లేదని, ఎవరూ ఫిర్యాదు చేయలేదని చూపిస్తే ఆ సంస్థ గెలవవచ్చు. అందుకే అక్కడ అనుభవమున్నవారు దరఖాస్తుకు ముందు సమాచార స్వేచ్ఛ చట్టం కింద తనిఖీ రికార్డులు, పాత ఫిర్యాదులు అడుగుతారు. సమాధానానికి 20 పనిదినాల గడువు ఉంది. భారతదేశంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఇదే పనిని 30 రోజుల గడువులో చేయించుకోవచ్చు. ఆ రోడ్డు ఎప్పుడు వేశారు, గుత్తేదారు లోపాలు సరిదిద్దవలసిన కాలం ఇంకా ఉందా, నష్టం జరిగిన తేదీకి ముందు ఆ చోటుపై ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అన్నవి అడగదగిన ప్రశ్నలు. నా దృష్టిలో ఈ దారిలో వెళ్లేవారు గుంత ఫొటోల కన్నా ఈ కాగితాల మీదే ఎక్కువ శ్రమ పెట్టాలి.

మిగతా చోట్ల ఇదే సూత్రం వేరువేరు రూపాల్లో కనిపిస్తుంది. న్యూయార్క్ నగరంలో ఆ లోపం గురించి నగరానికి ముందే లిఖితపూర్వకంగా తెలిసి ఉండి, తెలిసిన 15 రోజుల్లో బాగుచేయకపోతేనే దావా నిలబడుతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో లోపం 30 రోజులు లేదా అంతకు మించి ఉన్నట్టు చూపగలిగితే సంస్థకు తెలిసినట్టే చట్టం భావిస్తుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఆ ప్రత్యేక ప్రమాదం గురించి సంస్థకు నిజంగానే తెలిసి ఉండాలి. కెనడాలోని ఒంటారియో ఈ విషయాన్ని కొలతల్లోకి దించింది: అత్యధిక రద్దీ తరగతి రోడ్లలో 600 చదరపు సెంటీమీటర్ల వైశాల్యాన్నీ 8 సెంటీమీటర్ల లోతునూ మించిన గుంతను, సంగతి తెలిసిన 4 రోజుల్లో పూడ్చాలి. తక్కువ రద్దీ తరగతులకు ఈ గడువు పెరుగుతూ పోతుంది, ఆ ప్రమాణం పాటించిన పురపాలక సంస్థకు రక్షణ ఉంటుంది. స్కేలు పెట్టి ఫొటో తీయమని ముందు చెప్పింది ఇందుకే.

కొన్ని చోట్ల ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర రహదారుల శాఖ గుంతల వల్ల జరిగిన వాహన నష్టానికి చట్ట ప్రకారమే చెల్లించదు. న్యూయార్క్ రాష్ట్ర రహదారుల విషయంలో రాష్ట్ర బాధ్యత మే 1 నుంచి నవంబర్ 15 వరకే అని చట్టం చెబుతుంది. నీరు గడ్డకట్టి కరగడం వల్ల గుంతలు పుట్టేది సరిగ్గా మిగిలిన నెలల్లోనే కావడం గమనించదగ్గ విషయం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఒక నిర్ణీత మొత్తానికి లోపు ఉన్న ఆస్తి నష్టానికి రోడ్డు సంస్థలు బాధ్యత వహించవు, ఆ మొత్తాన్ని ఏటా సవరిస్తారు.

గడువులు ఈ దారిలో చాలా కఠినంగా ఉంటాయి. ఒంటారియోలో పురపాలక సంస్థకు 10 రోజుల్లో, విక్టోరియాలో 30 రోజుల్లో, న్యూయార్క్ నగరంలో 90 రోజుల్లో, మిషిగన్‌లో 120 రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఇంగ్లండ్‌లో ఆస్తి నష్టంపై దావాకు 6 సంవత్సరాల వ్యవధి ఉన్నా, అంతకాలం ఆగితే ఆధారాలు మిగలవు. ఈ తేడా చూస్తే ఏ ఊళ్లో ఉన్నా మొదటి వారంలోనే నోటీసు ఇచ్చి, వివరాలు తరువాత జత చేయడం తెలివైన పని అనిపిస్తుంది.

పరిహారం మంజూరైనా పూర్తి మొత్తం రాకపోవచ్చు. సగం అరిగిన టైరు స్థానంలో కొత్త టైరు వేస్తే ఆ మేరకు మీకు లాభం జరిగిందని కొంత తగ్గిస్తారు. వేగంగా నడిపారనో, పగటిపూట కనబడే గుంతను తప్పించలేదనో మరికొంత కోస్తారు. టైరు కొన్న తేదీ బిల్లు ఉంటే మొదటి కోతను తగ్గించుకోవచ్చు. సంస్థ తొలి ఉత్తరంలోనే తిరస్కరిస్తే అక్కడితో ఆగనక్కరలేదు. తనిఖీ రికార్డు ప్రతి జతచేసి పునఃపరిశీలన కోరవచ్చు.

న్యాయస్థానం ఎప్పుడు

ఈ దారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే ఒక రిమ్, ఒక టైరు కోసం దీనిలో వెళ్లేవారు తక్కువ, వెళ్లవలసినవారు ఇంకా తక్కువ. ఇంగ్లండ్‌లో 10,000 పౌండ్ల వరకు ఉన్న వివాదాలకు న్యాయవాది లేకుండా నడుపుకోగల చిన్న క్లెయిముల విధానం ఉంది కాబట్టి, రికార్డులు మన పక్షాన ఉంటే అక్కడ ఇది అందుబాటులో ఉన్న దారే. భారతదేశంలో ప్రభుత్వంపై సివిల్ దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ తరువాత కాలయాపన ఎలాగూ తప్పదు. టోల్ చెల్లించి వాడుకునే రోడ్డయితే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించడం మెరుగు, ఎందుకంటే అక్కడ మనం ధర చెల్లించి సేవ పొందిన వినియోగదారులమని వాదించే వీలుంది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది, 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. టోల్ రసీదు, లేదా ఫాస్టాగ్ కోత సందేశం భద్రపరచుకోవలసిన అవసరం ఇక్కడ కనిపిస్తుంది. పన్నులు కట్టాము కనుక మామూలు రోడ్డు విషయంలోనూ వినియోగదారులమే అన్న వాదన ఇంత తేలికగా నిలబడదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఎ సెక్షన్ రోడ్డు నిర్వహణలో విఫలమైన సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుందని తరచూ వింటాము. అది మరణానికి లేదా వైకల్యానికి దారితీసిన లోపాలకు సంబంధించినది. ఆ జరిమానా మోటారు వాహన ప్రమాద నిధికి వెళుతుంది, వంగిన రిమ్ యజమానికి కాదు. గుంతల వల్ల మరణాలు, గాయాల విషయంలో బాంబే హైకోర్టు 2025లో ఇచ్చిన పరిహారపు ఆదేశాలు కూడా మనుషులకు జరిగిన హాని గురించినవే. గాయపడినవారి క్లెయిమ్ వేరే విషయం, దానికి న్యాయవాది సలహా తప్పనిసరి.

ఎవరికి ఏది

ఒక్క టైరు మాత్రమే పోయి, గుంత గురించి పాత ఫిర్యాదు ఏదీ దొరకకపోతే బీమా, రోడ్డు సంస్థ రెండూ లాభసాటి కావు. టైరు కొనుక్కుని పని చూసుకోవడమే మేలు. అదే టైరు, అదే గుంత, కానీ నెల క్రితమే ఎవరో ఫిర్యాదు చేసి నంబరు పొందారని తేలితే రోడ్డు సంస్థకు దరఖాస్తు చేయడానికి కాగితం ఖర్చు తప్ప పోయేదేమీ లేదు. సస్పెన్షన్, స్టీరింగ్ భాగాలు, ఆయిల్ చాంబర్ వరకు నష్టం వెళ్లి, మరమ్మతు ఖర్చు పైన చెప్పిన బోనస్ లెక్కను స్పష్టంగా దాటిపోతే బీమా దారే సరైనది, ముఖ్యంగా వాహనం లేకుండా రోజు గడవనివారికి. అటువంటి సందర్భంలోనూ రోడ్డు సంస్థకు నోటీసు పంపడం మానకూడదు, ఎందుకంటే బీమా చెల్లించని ఎక్సెస్‌ను, తరుగుదల కోతను ఆ సంస్థ నుంచి అడగవచ్చు.

రెండు దారుల్లో ఒకేసారి నడవవచ్చు గానీ ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు తీసుకోకూడదు. బీమా సంస్థ చెల్లించిన మేరకు రోడ్డు సంస్థ నుంచి రాబట్టుకునే హక్కు దానికే బదిలీ అవుతుంది, కాబట్టి రోడ్డు సంస్థ ‘పూర్తి, తుది పరిష్కారం’ అని రాసిన కాగితం ఇస్తే బీమా సంస్థను అడగకుండా సంతకం పెట్టకూడదు. పెడితే బీమా సంస్థ ఇచ్చినది వెనక్కి అడిగే పరిస్థితి రావచ్చు. రోడ్డు సంస్థ సమాధానం వచ్చేదాకా బీమా విషయం వాయిదా వేయడం కూడా ప్రమాదమే. చాలా పాలసీలు నష్టం జరిగిన వెంటనే తెలియజేయాలంటాయి, ఆలస్యమే తిరస్కరణకు కారణం కావచ్చు. ఘటనను తెలియజేయడం వేరు, క్లెయిమ్ చేయడం వేరు. మొదటిది చేసి రెండోదాన్ని ఆలోచించుకుంటానని లిఖితపూర్వకంగా చెప్పవచ్చు, అయితే తెలియజేసినంత మాత్రాన బోనస్‌పై ప్రభావం ఉంటుందేమో ఆ పాలసీలోనే చూసుకోవాలి.

ఖర్చు తానే భరించాలని నిర్ణయించుకున్నవారు కూడా ఆ గుంత గురించి సంబంధిత సంస్థకు ఫిర్యాదు చేసి, నంబరు రాయించుకోవాలి. ఆ ఫిర్యాదు నమోదైన తేదీ నుంచి ఆ గుంత సంగతి తమకు తెలియదని చెప్పే వీలు సంస్థకు ఉండదు. రోజూ ఆ దారిలోనే వెళ్లేవారికి వచ్చే నెల మరో చక్రం అందులోనే పడితే, క్లెయిమ్ నిలబడేది ఆ నంబరు మీదే.